అరపైసా వంతు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పొద్దున్నే దేశనూరుకు వచ్చే బస్సు ఆగీ ఆగకముందే ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి, "మీ తెక్కలకోట అత్త పోయిందప్పా. ఎద్దులకు నీళ్ళు పెట్టొచ్చి అరుగు మీద కూచునిందంట, అంతే. నిన్ను పిల్చుకోని రమ్మన్నారు" అన్నాడు. ఉన్న చొక్కాతోనే ఎక్కేశాను. టికెట్టు ఇచ్చి, మిగతా డబ్బులు నా చేతిలో పెడుతూ, "ఎంచుకోప్పా. ఎంచకుండా జేబులో ఏసుకుంటే ఆయమ్మ ఊరుకునేది కాదు" అన్నాడు. ఎంచుకున్నాను. కళ్ళు మసకలు కమ్మి లెక్క తప్పింది, మళ్ళీ ఎంచుకున్నాను.

వారం వారం సిరుగుప్ప సంతకు మిరపకాయలు తీసుకుపోయి అమ్మడం అత్త అలవాటు. అమ్మకం అయ్యాక బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ, దోసె తిని, కాఫీ తాగి, రూపాయి ఇచ్చేది. చిల్లర తక్కువ వస్తే అడిగేది సరే, ఎక్కువ వచ్చినా అంతే గట్టిగా అడిగేది. "తక్కువిస్తే నా కడుపు మండుతాది, ఎక్కువిస్తే మీ సావుకారు కడుపు మండుతాది. ఎవురి కడుపూ మండకుండా ఇయ్యప్పా" అనేది. నేను తోడు వెళ్ళినప్పుడల్లా హోటలంతా మా వైపు తిరిగేది. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. మా మామగారి ఊరివాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని, నేను గోడమీది క్యాలెండరులో తిథులు చదువుతూ కూర్చునేవాణ్ణి.

అత్తది నోటి లెక్క. వీశెలు, అణాలు, కానులు ఆమె నాలుక మీదే ఉండేవి. అలాంటి మనిషిని కూడా నయాపైసలు తికమక పెట్టాయి. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, అంతవరకూ పదహారణాలుగా ఉన్న రూపాయి ఒక్కసారిగా నూరు పైసలైపోయింది. కొత్త పైసలు వచ్చినా ధరలు ఇంకా అణాల్లోనే చెప్పేవాళ్ళు. అణాకు ఆరు పైసలని సంతలో అందరూ అనుకున్నారు, అత్త కూడా అనుకుంది.

ఆ రోజుల్లోనే ఒక సంతనాడు ఆమె బిల్లు ఆరణాలైంది. రూపాయి ఇచ్చింది. సర్వర్ అరవై పైసలు తెచ్చి పెట్టాడు. కన్నడం మాట్లాడే మనిషి, నా ఈడువాడే. ఊళ్ళో ఉన్న తల్లికి నెలనెలా మనియార్డరు పంపేవాడు.

"నాలుగు పైసలు యాడబోయినాయప్పా?" అంది అత్త.

"సరియాగే ఇచ్చినా అమ్మా. పదణాలు మిగిలె, అణాకు ఆరు లెక్కన అరవై."

"ఆరణాలకు ముప్పై ఆరు. నూట్లో ముప్పై ఆరు పోతే అరవై నాలుగు. నాకే లెక్క చెప్తాండావా? దొంగ లెక్క!"

ఇద్దరిదీ వింటే సరిగ్గానే ఉంది. కానీ 'దొంగ' అన్న మాట పడగానే పక్క బల్ల దగ్గరివాళ్ళు, నాకూ మొన్న తక్కువిచ్చినాడంటే నాకూ ఇచ్చినాడని లేచారు. గల్లా దగ్గర కూర్చున్న సావుకారు, "సాకప్పా, చాలు నీ లెక్క. తుండు ఆడపెట్టి, నీ ట్రంకు తీస్కోని పో" అన్నాడు. "సత్యవాగ్లూ, నిజంగా నేను తీసుకోలేదు సావుకార్రే" అంటూనే సర్వర్ భుజం మీది తుండు తీసి బల్లమీద పెట్టాడు. అత్త గెలిచినట్టే బయటికొచ్చింది.

మరునాడు నేను ఇంకా తెక్కలకోటలోనే ఉన్నాను. అత్త వాకిట్లో వేరుశనగలు ఒలుస్తూ ఉన్నట్టుండి ఆగి, నూరు గింజలు ఎంచింది. ఆరేసి గింజలతో పదహారు కుప్పలు పెట్టింది. నాలుగు గింజలు మిగిలాయి. కుప్పలన్నీ కలిపేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ నాలుగే.

"అల్లుడా, అణాకు ఆరు కాదు. ఆరూ, మీద పావు. ఆ పావు సంగతి ఎవురూ చెప్పలేదు గదరా" అంది. కాసేపు ఆ నాలుగు గింజల్నే చూస్తూ కూర్చుంది. "వానిదీ తప్పే, నాదీ తప్పే. దొంగ అన్న మాట మాత్రం నాదొక్కదాందే."

మర్నాడు మొదటి బస్సుకే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మేం దిగేసరికి సర్వర్ బస్టాండులో ట్రంకు మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఇంకో పని వెతికి దొరక్క, హోసపేట బస్సు కోసం కాచుకున్నాడు. అత్తను చూడగానే బెదిరి లేచి నిలబడ్డాడు.

"ట్రంకు ఎత్తప్పా. బస్సుకు కాదు, హోటలుకు" అంది అత్త.

టిఫిన్ల వేళ. అత్త సంచి విప్పి ఒక బల్లమీద గింజలు పోసింది. తింటున్నవాళ్ళు చేతులు కడుక్కోకుండానే చుట్టూ మూగారు. పదహారు కుప్పలు పెట్టి, మిగిలిన నాలుగు గింజల్ని సావుకారు అరచేతిలో పోసింది. "ఈ నాలుగింటి కోసమే ఈ రచ్చంతా. అరవై ఇచ్చి ఈయన తప్పినాడు, అరవై నాలుగు అడిగి నేను తప్పినా. నిజం మధ్యలో ఉండాది, అరవై రెండున్నర. దొంగ అని నోరు జారింది నేను" అని, అందరి ముందూ సర్వర్‌కు చేతులు జోడించింది. అప్పటిదాకా క్యాలెండరు చూసేవాణ్ణి, ఆ రోజు మాత్రం మా అత్తనే చూశాను. ఆమె పక్కన నిలబడ్డందుకు గర్వపడ్డాను.

సావుకారు తుండు తెచ్చి తనే సర్వర్ భుజాన వేశాడు. సర్వర్ కళ్ళు తుడుచుకుని, "అరపైసా ఎట్ల ఇచ్చేదమ్మా?" అని అడిగాడు.

"అరపైసా ఎవురి తాన ఉండాదప్పా? ఈ వారం అరవై రెండియ్యి, వచ్చే వారం అరవై మూడియ్యి. వంతు నేను మర్సిపోతే నువ్వు చెప్పు, నువ్వు మర్సిపోతే నేను చెప్తా."

ఆ వంతు ఆగలేదు. ధరలు పెరిగాయి, అణాలు పోయాయి, అరపైసా మిగిలే లెక్కలే లేకుండా పోయాయి. అయినా ఒక వారం అత్త ఒక పైసా గల్లా మీద వదిలేది, మరుసటి వారం అతను ఒక పైసా ఎక్కువ పెట్టేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కొన్నేళ్ళకు సర్వర్ గల్లా మీదికే వచ్చాడు.

మా అమ్మాయి చిన్న కూడికకు కూడా పెన్సిలు వెతుక్కుంటుందని ఒకసారి అత్త దగ్గర విసుక్కున్నాను. "పెన్సిలుంటే ఏమప్పా? నాకు వేరుశనగలు కావాల్సొచ్చె" అంది. అమ్మాయి నా వైపు చూసి పళ్ళికిలించింది.

చివరి రెండు మూడేళ్ళూ అత్తకు లెక్క నిలిచేది కాదు. సంతకు ఒంటరిగా పంపొద్దని ఇంట్లోవాళ్ళు అన్నారు. ఆమె వినలేదు. హోటల్లో ఊరికే అరచేయి చాపేది. అతను ఒక్కో నాణెమూ పెడుతూ, పైకి చెబుతూ, ఆమె తల ఊపేదాకా ఆగి తర్వాతది పెట్టేవాడు. వెనక ఎందరు నిలబడ్డా తొందరపడేవాడు కాదు. లెక్క మరిచిపోయిన అత్త వంతు మాత్రం మరిచిపోలేదు. "ఈ వారం నాదప్పా" అని ఒక పైసా వెనక్కి జరిపేది.

కర్మలన్నీ అయ్యాక సంతనాడు ఆ హోటలుకు వెళ్ళాను. అత్త తినేదే తిన్నాను. గల్లా దగ్గర అతను నా అరచేతిలో నాణేలు ఒక్కొక్కటే పెడుతూ, పైకి లెక్క చెప్పాడు. అయిపోయాక కూడా నా చేయి వదల్లేదు. చిన్న చదరపు పైసా ఒకటి తీసి మీద పెట్టాడు.

"కడాగా, ఆఖరుసారి వచ్చినప్పుడు అమ్మ పైసా వదిలిపోయినారు. ఇప్పుడు నా వంతు" అన్నాడు.

పైసా మీద గుప్పిట మూసి, "వచ్చే వారం నాది" అన్నాను. అతను తల ఊపి, నా వెనక అరచేయి చాపి నిలబడిన ముసలాయన వైపు తిరిగి, నిదానంగా, పైకి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.