మంగమ్మత్త పలికే పిలుపు

ఎండాకాలం మొదలు కాగానే మా కోడలు పెట్టెలోంచి వట్టివేళ్ళ విసనకర్ర తీసి దానిమీద నీళ్ళు చల్లుతుంది. ఆ తడి వాసన ఇల్లంతా కమ్ముకోగానే పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజులు, దొరల పేటను విడదీసే కాలువకు ఇవతల మా వీధి, సున్నం కొట్టిన తిన్నెలు, మధ్యాహ్నపు వేడికి మూసిపెట్టిన తలుపుల సందుల్లోంచి నేలమీద పడే సన్నని వెలుగు చారలు, వాటి మధ్య గోడకు ఆనుకుని కూర్చున్న మంగమ్మత్త, అన్నీ ఒక్కసారిగా నా ముందుకొచ్చి నిలబడతాయి.

మంగమ్మత్త మా నాయనకు అక్క. పిల్లలు లేరు. ఆమె, మామ మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. తాతల కాలం నుంచీ మాకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. నాయన ఒక ఫ్రెంచి వర్తకుని దగ్గర గుమాస్తా కాబట్టి ఆ భాష ముక్కలు కూడా భోజనాల దగ్గర దొర్లేవి, నేను వాటిని ఏరుకునేదాన్ని. ఇన్ని మాటలున్న ఇంట్లో మామ అత్తను పిలిచే మాట మాత్రం ఒక్కటే, 'ఏమే'. సాగదీసి పిలిస్తే ఆకలి, తుంచినట్టు పిలిస్తే కోపం, తిన్నె మీద చుట్ట కాల్చుకుంటూ గొంతు దించి లోపలికి వదిలితే ఏమీ లేదు, ఊరికే, ఆమె ఇంట్లో ఉందని తెలుసుకోవడానికి. అత్త ఆయన పేరు పలకకూడదు. అందుకని ఆయనకు చెప్పాల్సిందంతా నాకు చెప్పేది. "పాపా, అన్నం పెట్టేసినా" అని నా వైపు చూసి అంటే మామ లేచి కాళ్ళు కడుక్కునేవాడు.

మాసి మగం పండగనాడు చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరినీ సముద్రస్నానానికి భుజాల మీద మోసుకొచ్చేవాళ్ళు. ఇసుకంతా మేళాల మోత, ఉడికిన శనగల సుండల పొట్లాల ఆవిరి, చెమట, మల్లెపూలు, చేపల వాసన. ఒక ఏడాది ఆ తొక్కిసలాటలో అత్త మా చేయి వదిలి ఎటో కొట్టుకుపోయింది. మామ నన్ను భుజం మీదికి ఎత్తుకుని "ఏమే" అని ఒక్క కేక వేశాడు. ఆ పిలుపుకు పలికే ఆడవాళ్ళు అక్కడ ఎందరో ఉండి ఉంటారు. తిరిగి చూసింది మాత్రం అత్త ఒక్కతే.

మా ఊరి మగవాళ్ళు చాలామంది లాగే మామ కూడా ఉద్యోగానికి ఫ్రెంచివాళ్ళే ఏలే సైగోను వెళ్ళాడు. వెళ్ళినప్పుడు నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. తిరిగొచ్చేసరికి ఓణీ వేస్తున్నాను. ఆయన సెలవు మీద ఓడ దిగే రోజున అత్త తెల్లారకముందే లేచి ఓళిగలు కాల్చింది. తెల్ల కోటు, టోపీతో ఆయన గడప దాటి వచ్చి, ఓళిగల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అత్తను చూసి, "బాగుండారా మీరు?" అన్నాడు.

ఎగతాళి అనుకుని అందరం నవ్వాం. కానీ ఆ తరవాత కూడా అదే మాట. "మీరు కూర్చోండి, నేను పెట్టుకుంటా." "మీరు తిన్నారా?" పక్కింటి రుక్మిణమ్మ ముక్కున వేలేసుకుంది. "సైగోను పొయ్యి ఎంత మర్యాద నేర్చుకోనొచ్చినాడు చూడు. మా ఇంటాయనా ఉండాడు, ఏందానికి?" నాయన కూడా మెచ్చుకున్నాడు. "ఫ్రెంచిలో అంతే. దగ్గరోళ్ళకు తు, మర్యాదకు వు. పెద్ద దొరలు పెండ్లాన్ని కూడా వు అనే అంటారు."

అత్త మాత్రం తన ఇంట్లోనే చుట్టంలా తలుపు వారన నిలబడేది. ఎప్పటిలాగే "పాపా, అన్నం పెట్టేసినా" అనేది. మామ కదిలేవాడు కాదు. నిజంగా నాతోనే అంటోందని అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన చాప మీద నిద్రపోతుంటే అత్త పక్కన కూర్చుని విసురుతోంది. నేను పూలు కడుతున్నాను. నిద్రలో మామ మొహం మెత్తబడింది. పెదవులు కదిలాయి. "తు వియాఁ?" అన్నాడు. కాసేపాగి, గొంతు దించి, మళ్ళీ అదే మాట.

"ఏమంటుండాడు పాపా?" అని అడిగింది అత్త.

"నువ్వు వస్తావా అని, అత్తా."

"నువ్వు అనా, మీరు అనా?"

"నువ్వు అని."

ఆమె చేతిలో విసనకర్ర ఆగిపోయింది. తరవాత మళ్ళీ విసరడం మొదలుపెట్టింది, ఆయన లేచేదాకా ఆపలేదు. సైగోనులో ఆయనకు ఇంకో సంసారం ఉందని ఓడలు దిగినవాళ్ళు చాలా కాలానికి గాని చెప్పలేదు. అత్తకు అది ఆ రోజే తెలిసింది.

సెలవు తీరి మామ బయలుదేరినప్పుడు రేవు వంతెన దాకా మేమందరం వెళ్ళాం. పడవవాళ్ళు తొందర పెడుతున్నారు. అత్త నా భుజం పట్టుకుంది. "పాపా, పోయే ముందర ఒక్కసారి మునుపటి మాదిరి పిలిచి పొమ్మను."

ఈసారి అది తనకేనని మామకు అర్థమైంది. నోరు తెరిచాడు. ఆమె మొహం వంక చూశాడు. "జాగ్రత్తగా ఉండండి" అని పడవలోకి దిగాడు.

ఆయన మళ్ళీ రాలేదు. మరుసటి ఎండాకాలం నుంచి అత్త మధ్యాహ్నాలు ఉన్నట్టుండి తల ఎత్తి "ఆఁ, వస్తండా" అనడం మొదలుపెట్టింది. లేచి తిన్నె దాకా వెళ్ళి, ఖాళీ వీధిని అటూ ఇటూ చూసి వచ్చేది. కొన్నాళ్ళకు అలా చూడడం కూడా మానేసింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఆకు వేసి, వడ్డించి, ఎదురుగా కూర్చుని విసిరేది. "పాపా, ఇంకొంచెం చారు పోసుకోమను" అనేది. అమ్మ నాకు కళ్ళతో సైగ చేసేది. నేను ఆ ఆకు వైపు తిరిగి, "మామా, చారు పోసుకోవాలంట" అనేదాన్ని. అన్నం మీద ఆవిరి అటూ ఇటూ ఊగేది. అత్త తృప్తిగా తల పంకించేది. పోయేదాకా ఆమె అలాగే ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు బట్టల కొట్టువాళ్ళ గిడ్డంగి. ఆ రేవు వంతెనను సముద్రం తినేసింది. నా కొడుకు, కోడలు ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటారు, మధ్యలో పాపలెవరూ అక్కర్లేదు, మంచిదే. మనవలకు తెలుగు వింటే అర్థమవుతుంది గాని బదులు అరవంలోనే చెబుతారు. మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక ఎవరైనా తిన్నె మీద నుంచి "ఏమే" అని పిలిస్తే, పలకడానికి ఇక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.