ఒకటిన్నర రంగు బండ

2023 ఆగస్టు 8వ తేదీ, ఉదయం పదకొండు గంటలు. వికారాబాద్‌లోని మా డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్ర ప్రాజెక్టుల ప్రదర్శన మొదలైంది. విశ్వవిద్యాలయ పోటీకి ఒక్కరినే పంపుతారు. మా ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. ఆ ఒక్కరూ నేనే కావాలనుకున్నాను.

నాకు పోటీ షాహీన్, తాండూరు అమ్మాయి. మాస్టారు ఆమెను మెచ్చుకున్న రోజు నాకు అన్నం సహించేది కాదు. నేలకు పరిచే తాండూరు బండలు కొనేవారు ఏ రంగు కోరుతున్నారన్నదే మా ఇద్దరి అంశం. నేను నీలానికి ఒకటి, పసుపుకు రెండు అని అంకెలు వేసి సగటు తీశాను. ఒకటిన్నర వచ్చింది. ముందురోజే షాహీన్ నా కాగితం చూసి, "గా సగటు కొట్టెయ్యవే, రేపు పరేషాన్ అయితవ్" అన్నది. ఓర్వలేక అంటోందనుకున్నాను.

ప్రదర్శనకు బండల పాలిష్ పనిచేసే షాహీన్ నాన్నగారూ వచ్చారు. నేను గర్వంగా "సగటు రంగు ఒకటిన్నర" అని చదవగానే ఆయన లేచి నిజంగానే తెలియక అడిగారు.

"ముప్పై ఏండ్ల సంది బండలే పాలిష్ చేస్తున్న బిడ్డా, గీ ఒకటిన్నర రంగు బండ యాడ దొరుకుతది?"

గదంతా గొల్లున నవ్వింది. షాహీనే లేచింది.

"అబ్బాజాన్, గవి రంగులకు పెట్టిన పేర్లు. పేర్లకు సగటు ఉండది, ఏది ఎక్కువమంది అడిగిండ్రో లెక్కపెట్టాలె. గామె మస్తు దుకాణాలు తిరిగి అందర్ని అడిగింది, ఎవ్వరు నవ్వకుండ్రి."

ఓర్వలేనిదాన్ని నేనేనని అప్పుడు తెలిసింది.

పోటీకి షాహీన్ వెళ్లింది. అప్పటినుండి ప్రతి అంకె పక్కన అది పేరో, వరుస సంఖ్యో, కొలతో అని రాసుకున్నాకే లెక్క మొదలుపెడుతున్నాను. ఆ కాగితం మొదట షాహీన్‌కే చూపిస్తున్నాను.