కాల్ నంబరు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగర విశ్వవిద్యాలయంలో రెండో ఏడు చదువుతున్న జెనలిన్, అర్థంకాని మాట కనబడితే అరచేతిలో రాసుకుంటుంది కానీ ఎవరినీ అడగదు. 'అబ్‌స్ట్రాక్ట్' అంటే వ్యాసం మొత్తానికీ సారాంశమని తెలియక, దాన్ని దాటేసి ఇరవై పేజీలూ కిందామీదా పడి చదివేది. ఈ ఏడు వాళ్ల నాన్న సముద్రంలో పెంచే నాచుకు తెల్ల తెగులు తగిలింది. పంట పోయింది, నాచు కట్టి పెంచే తాళ్లు కూడా పీకేస్తానంటున్నాడాయన. ఆ తెగులు గురించి లైబ్రరీ కంప్యూటర్‌లో వెతికితే ఒకే ఒక్క పుస్తకం దొరికింది. కింద 'కాల్ నంబరు' అని కొన్ని అంకెలున్నాయి. జెనలిన్ వరండాలోకి వెళ్లి ఆ అంకెలకు మూడుసార్లు ఫోన్ చేసింది.

చివరికి లైబ్రేరియన్ నెనిటా దగ్గరికి వెళ్లి, "మేడమ్, ఈ పుస్తకంవాళ్లు ఫోన్ ఎత్తడం లేదండీ" అంది.

నెనిటా పమిటలా వేసుకున్న శాలువాతో నవ్వు దాచుకుంది. "ఓసి పిచ్చిపిల్లా! అది పుస్తకం ఇంటి నంబరే. ఏ అరలో ఉంటుందో చెబుతుంది. ఇరుగుపొరుగంతా దాని చుట్టాలే, వాళ్లనీ పలకరించు."

చెవులు ఎర్రబడుతుండగా ఆ అర దగ్గరికి వెళ్లిన జెనలిన్ కళ్లు విప్పార్చుకుని నిలబడిపోయింది. ఒక్కటి కాదు, వరసగా తొమ్మిది పుస్తకాలు, అన్నీ నాచు మీదే! నేల మీదే చతికిలబడి ఒక్కొక్కటీ తిరగేసింది. ఆరోదానిలో ఒక పేజీ దగ్గర ఆగి, ఉన్నచోటునుంచే ఫోన్ చేసింది.

"నాన్నా, తాళ్లు పీకెయ్యకు! తెగులు తగ్గాలంటే వాటిని ఇంకా లోతుకు దించి చూడాలట!"

హాలంతా తలలెత్తి చూసింది. జెనలిన్ గమనించనే లేదు.

"ఆగు, పేజీ చదువుతా, విను!"