రెండో వైరు, మూడో వైరు

పోయిన నెల మొయినాబాద్ దగ్గరి ఒక ఫంక్షన్ హాలు వాళ్లు నన్ను కారు పంపించి మరీ పిలిపించుకున్నారు. గేటు పక్కన ఎర్రరంగు పూసి, బంతిపూల దండలు వేసి నిలబెట్టిన పాత ట్రాక్టరును నడిచేటట్టు చేయాలట, దాని మీద పెళ్లికొడుకులను ఊరేగిస్తారట. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో నాకెందుకీ తద్దినం అని విసుక్కుంటూనే వెళ్లి, బానెట్ ఎత్తి, ప్లగ్గులకు పోయే నాలుగు వైర్లనూ వేలితో వెంబడించి చూశాను. రెండో ప్లగ్గుకు పోవలసిన వైరు మూడోదానికి, మూడోదానిది రెండోదానికి తగిలించి ఉన్నాయి. నా ఒళ్లు భగ్గున మండింది. ఎందుకు మండిందో నాతోపాటు ఆ ఉద్యమం రోజులు చూసినవాళ్లకు చెప్పుకుంటే తప్ప ఈ మంట చల్లారేటట్టు లేదు.

అరవైతొమ్మిదిలో నేను చేవెళ్లలో ఒక ఉస్తాద్ దగ్గర మెకానిక్ పని చేసేవాణ్ని. ఈ ఫంక్షన్ హాలు ఉన్నచోట అప్పుడు ద్రాక్షతోట ఉండేది, తోట పటేలుది, ఈ ట్రాక్టరూ ఆయనదే, దాన్ని నడిపేది మా అక్క మొగుడు, మా బావ. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే పాతకాలపు బండి అది, ఎప్పుడు మార్చాలో బావ చప్పుడు వినే చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ట్రాక్టరు తోలడం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది కూడా లేని రోజులవి, అందుకని మా అక్క బావిగట్టుకు నీళ్లకు పోయినా తల కాస్త ఎత్తుకునే నడిచేది.

ఆ ఎండాకాలం తెలంగాణ ఉద్యమంతో పట్నంలో ఎప్పుడు చూసినా బందులే, బస్సులు లేవు, లారీలు లేవు, పండిన ద్రాక్ష తీగల మీదే కుళ్లిపోతున్నది. బందైనా సరే ట్రాక్టరు మీద సరుకు పట్నం చేర్చాలని పటేలు పట్టుబట్టాడు. పోరగాండ్లు తొవ్వలో అడ్డం పడతారు, రెండు దినాలు ఆగుదామని బావ నలుగురి ముందు అన్నాడు. అన్నది ఆ ఒక్క మాటే. తెల్లారి చూస్తే ట్రాక్టరు స్టార్టు కాలేదు. పోవడం ఇష్టంలేక డ్రైవరే ఏదో చేశాడని పటేలు తోటంతా అదిరేటట్టు కేకలు వేసి, నాకు కబురు పంపాడు. దానంతటదే చెడిపోయిందని నేను తేలిస్తే బావకు పని ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

నేను సైకిలు దిగుతుండగానే బావ దగ్గరికొచ్చి, "జర మంచిగ చూడు బామ్మర్ది, నేనైతే ముట్టలే" అన్నాడు.

మా ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ వైరు ఊడదీసినా ముందు దానికీ, అది ఉన్న చోటికీ ఒకే రంగు దారం కట్టాలి, బిగించేటప్పుడు రంగుకు రంగు కలపాలి. ఆ పద్ధతి తప్పినవాడి వీపు విమానం మోతే. నేను బుద్ధిగా నాలుగు రంగుల దారాలు కట్టి, వైర్లు ఊడదీసి, బ్యాటరీ చూశాను, కాయిల్ చూశాను, పాయింట్లు ఉప్పు కాగితంతో రుద్దాను, ఒక్కొక్క ప్లగ్గూ తీసి నిప్పురవ్వ పడుతున్నదో లేదో చూశాను. నాలుగింటికీ పడుతున్నది! మళ్లీ రంగుకు రంగు కలిపి బిగించి హ్యాండిల్ తిప్పితే ఒక దగ్గు, ఒక టపాకాయ చప్పుడు, అంతే. చెడ్డదాన్ని చెడ్డగానే పదిలంగా మళ్లీ మళ్లీ బిగిస్తున్నానని ఆ వెధవ బుర్రకు తట్టలేదు. నేను దారాలు కడుతున్నంతసేపూ పటేలు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి చూస్తున్నాడు.

మధ్యాహ్నానికి రేకు కాలి చేతులు బొబ్బలెక్కాయి, కోపం నషాళానికంటింది. దారాలన్నీ పీకి అవతల పారేసి, ప్లగ్గు తీసిన రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి ఎప్పుడు తంతున్నదో చూసుకుంటూ ఒకటో నంబరు నుంచి వరుస కొత్తగా కట్టాను. అప్పుడు దొరికింది, రెండూ మూడూ తారుమారు. మార్చి తిప్పగానే ఇంజను గుడగుడమని అందుకున్నది. పొద్దటి నుంచి నన్ను ఏడిపించినవాడెవడో వాడి మీది ఉక్రోషం, కనిపెట్టానన్న పొగరు, రెండూ కలిసి నోరు ఊరుకోలేదు.

"ఎవడో కావాలని మార్చిండు! వైర్లు వాటంతటవే మార్తయా?" అని అందరూ వినేటట్టు అరిచాను.

నా నోట్లో మన్ను పడ! అందరి తలలూ ఒక్కసారే బావ వైపు తిరిగాయి. ఆ బండి సంగతి తెలిసినవాడు అక్కడ అతనొక్కడే కదా. పటేలు తాళంచెవి లాక్కున్నాడు. నేనన్నా నమ్మానా అంటే, అదీ లేదు. చేస్తే చేసినవ్, నాతోనన్న చెప్పు అని మొహం మీదే అడిగాను. బావ నన్ను ఒక్క చూపు చూసి వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఏ ఊళ్లోనూ ఎవరూ అతని చేతికి స్టీరింగు ఇవ్వలేదు. శంకర్‌పల్లి స్టేషనులో మూటలు మోశాడు. ఉద్యమం కుర్రవాళ్లు ఎదురైనప్పుడల్లా మంచిపని చేసినవన్నా అని మెచ్చుకుంటుంటే తల వంచుకుని పోయేవాడు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చున్నా నాతో అవసరమైనంతే మాట్లాడాడు, అట్లా ముభావంగానే చనిపోయాడు.

ఇప్పుడు బానెట్ ముందు కొయ్యబారి నిలబడ్డ నన్ను చూసి, వరండాలో కుర్చీలో ఉన్న పటేలు భార్య, తొంభై దగ్గరపడ్డ మనిషి, పిలిచింది. ట్రాక్టరు తోలడం మానినప్పటినుంచీ షెడ్డులోనే ఉన్నదట, రంగు వేసేదాకా ఎవరూ ముట్టలేదట. రెండు వైర్లు తారుమారుగా ఉన్నాయని చెప్పాను.

"గవి మా పటేలు మార్చినయే" అన్నది. "పొద్దుగూకంగనె రెండు వైర్లు మార్చొచ్చేటోడు, గదే తాళమనేటోడు. పోరగాండ్లు బండి గుంజుకపోయి తొవ్వల అడ్డం పెడ్తరని ఉద్యమమప్పుడు షురూ చేసిండు. మొదటిపారి మాత్రం తెల్లారి ఏదేడ ఉండెనో మర్చిపోయిండు. నలుగుర్ల చెప్తె నామోషి గాదా?"

ఆమె నవ్వుతున్నది. అది ఆమెకు నవ్వులాటే! తన చేత్తో వేసిన ముడి విప్పడం తెలియక, ఆ మనిషి మా బావ బతుకును బుగ్గి చేసి నిమ్మళంగా చేతులు కట్టుకుని చూశాడు. పనిముట్లు సంచిలో పడేసుకుని, ఫంక్షన్ హాలు నడిపే పటేలు మనవడు వెనక నుంచి పిలుస్తున్నా వినకుండా ఎంకపల్లిలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"గీ ముచ్చట చెప్పనీకి గింత దూరమొచ్చినవా?" అన్నది. "ముట్టలేనని ఆయన గప్పుడే చెప్పె గదరా. నేను నమ్మిన. నువ్వే నమ్మలే."

ఇప్పుడు ఆ తొవ్వ పొడుగునా ద్రాక్షతీగ ఒక్కటి లేదు, అన్నీ రిసార్టులే, ఇంటికో కారు, మీట నొక్కితే కూతపెట్టి తాళం పడుతుంది. స్టీరింగు పట్టిన మనిషిని ఎవరూ ఆగి చూడరు. పటేలు మనవడు రోజూ ఫోను చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు. ఆ రెండు వైర్లూ ఎట్లా ఉన్నవో అట్లాగే వదిలేసి వచ్చాను. అరవైతొమ్మిదిలో ఆ మధ్యాహ్నం వైర్లు సరిచేసి, నోరు మూసుకుని సైకిలెక్కి ఉంటే, మా బావ ఆ స్టీరింగు మీదే ముసలివాడయ్యేవాడు.