చోళ్ల కుండలో ప్లగ్గు

సావిత్రీ, నీ మోకాలు ఎలా ఉంది? పైడితల్లీ, బీపీ మాత్ర మానెయ్యలేదు కదా? మీ సంగతులు తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

నిన్న తమ్ముడు పాడేరు నుంచి ఫొటో పంపాడు. మా నాన్న నడిపిన పాత మోటారు సైకిలును వాడు మళ్లీ బాగుచేశాడట. చూడగానే కిరసనాయిలు వాసన ముక్కుకు తగిలినట్టయింది. మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు మా పశువుల పాకలో నాన్న ఆ పాత బండిని విప్పి, ఒక్కో సామానూ కిరసనాయిల్లో కడిగేవాడు? తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగే దానికీ వేశాడు. పసుపు బస్తా పెట్టుకోవడానికి వెనక చెక్క బిగించాడు.

బండి తయారవగానే కొండ దిగి మాడుగుల సంతకు బయలుదేరతానన్నాడు. అప్పట్లో పెట్రోలు మిగులుతుందని అందరూ ఇంజను ఆపేసి ఘాట్ దిగేవారు. బ్రేకు పట్టకపోతే లోయే. ఆ భయంతో, ప్లగ్గు లేకపోతే ఇంజను స్టార్టవదని, కడిగి గట్టు మీద ఆరబెట్టిన దాన్ని చోళ్ల కుండలో దాచేశాను.

నాన్న పాకంతా వెతికాడు. చివరికి రాగి అంబలికి చోళ్లు తీస్తున్న అమ్మ చేతికి అది తగిలింది.

"ఏటే గుంటా, ఇదేటి సేసినావు?" అన్నాడు నాన్న.

"ఇంజను ఆపీసి దిగితే పడిపోతావు నాన్నా" అని ఏడ్చాను.

"గుంటకున్న బుర్ర నీకు లేదు" అంది అమ్మ నాన్నతో.

నాన్న నా నెత్తిన చెయ్యి పెట్టాడు. "ఇంజను ఆపనే. గేర్లోనే దిగుతాను. నీ మీదొట్టు." బతికినన్నాళ్లూ ఆ మాట తప్పలేదు.

ఇప్పుడు తమ్ముడు అదే బండి మీద మా ఇంటికి వస్తాడట. నేను కింద మాడుగులలో ఉన్నాను, ప్లగ్గు దాచడానికి చెయ్యి అందదు. అందుకే ఫోనులోనే వాడి చేత ఆ ఒట్టు వేయించాను. వచ్చే ఆదివారం పదింటికి వస్తానన్నాడు. నేను ఎనిమిదింటికే వీధిలో నిలబడతాను.