రోసేర్ బావ టైర్ల జ్ఞానం

అక్టోబరు వచ్చిందంటే మా బావ రోసేర్ బూలియాన్‌కి పూనకం వస్తుంది. ఎక్కడ కారు ఆగి కనబడినా వంగి దాని టైర్లు చూస్తాడు. జేబులోంచి దుప్పి బొమ్మ ఉన్న పావలా తీసి టైరు గాడిలో తలకిందులుగా దూరుస్తాడు. దుప్పి మూతి లోపలికి మునిగిందా, ఆ టైరు ఇంకో చలికాలం మంచు మీద నడుస్తుంది. మూతి బయటికి కనబడిందా, ఆ కారు ఆసామికి మూడినట్టే. ఆదివారం ప్రార్థన అయ్యాక జనమంతా చర్చి మెట్ల మీద కబుర్లు చెప్పుకుంటుంటే, ఈయన ఒక్కో కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు. లోపల ప్రార్థనలో మాత్రం ఆ మోకాళ్లు వంగవు. కీళ్లనొప్పులట.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అల్యూమినియం ఫ్యాక్టరీ స్టోరులో బోల్టులూ నట్లూ అందించాడు. రిటైరయ్యాక అందించడానికి ఏమీ లేక ఊరికి బుద్ధులు అందిస్తున్నాడు. పొద్దున్నే జినెట్ హోటల్లో బీన్సూ రొట్టే ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరు లోపలికి వచ్చినా టైర్ల గురించి చెప్పించుకోకుండా కాఫీ తాగలేరు. ఈ ఏడు దొరికినవాడు బడికి కొత్తగా వచ్చిన పంతులు.

"ఏం టైర్లు కొన్నావయ్యా?"

"అన్ని కాలాలకీ పనికొచ్చేవండీ."

"అంటే ఏ కాలానికీ పనికిరానివన్నమాట. వేలితో నొక్కి చూశావా? చలి ముదిరితే ఆ రబ్బరు రాయిలా బిగుసుకుపోతుంది. పెళ్లాం ఉందా నీకు?"

"ఉందండీ."

"దాన్ని కూర్చోబెట్టి తోలుతావా ఆ కారు? సిగ్గులేదూ?"

పంతులు చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారమే పోయి టైర్లు మార్పించుకున్నాడు. మంచి పనే చేశాడు. మా బావ చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. తెలియక తప్పు చేసేవాణ్ణి చూస్తే జాలేస్తుంది, ఈయన్ని చూస్తే వెయ్యదు.

ఎందుకంటే ఈయనగారి పికప్ ట్రక్కుకి నాలుగు టైర్లూ నిగనిగలాడుతుంటాయి. లోతైన గాడులు, మెత్తటి రబ్బరు, మంచు మీద పట్టుకోసం మేకులు కూడా. ఆ ట్రక్కు వెళ్లేది రెండే చోట్లకి. ఒకటి హోటలు. రెండోది గడ్డకట్టిన నది మీద ఈయన వేసుకున్న చేపల గుడిసె. అందులో పొయ్యి రాజేసుకుని, మంచుకి కన్నం పెట్టి గాలం వదిలి కునుకు తీస్తాడు. రోజూ పొద్దున్నే చర్చి దగ్గరి వాలు రోడ్డు దిగి, మలుపు తిరిగి, పక్క ఊరి బడిలో పిల్లలకి వంట చెయ్యడానికి వెళ్లేది మా అక్క ఒడెట్. ఆవిడ చిన్న కారుకి మంచి టైర్లు ముందు రెండే. వెనక రెండూ ఎప్పటివో ఆ దేవుడికే తెలియాలి.

సెప్టెంబరు చివర్లో అక్క అడిగింది. నేను వాళ్ల వంటింట్లోనే యాపిళ్లు తొక్కతీస్తున్నాను.

"ఈసారి వెనకవి కూడా మార్పించరాదూ? నిరుడు వాలు దిగుతుంటే బండి తోక ఊగింది."

"బండిని లాగేవి ముందు చక్రాలే. వెనకవి ఊరికే వెంటొస్తాయి."

"మరి నీ ట్రక్కుకి వెనకవెందుకు మార్చావు బావా?" అన్నాను.

"ట్రక్కు వేరు, మరదలు పిల్లా. నీకర్థం కాదులే. అయినా చట్టప్రకారం అన్నీ ఉన్నాయి. టైరు పక్కన కొండబొమ్మ, అందులో మంచుపువ్వు, చలికాలపు టైరని గుర్తు, చూసుకో. పోలీసువాడు చూసేది అదే."

గుర్తు ఉన్నమాట నిజమే. దాన్ని టైరు తయారుచేసేటప్పుడే అచ్చుపోస్తారు కాబట్టి టైరు చచ్చినా గుర్తు చావదు. అక్క ఇంకేమీ అనకుండా పిండి కలుపుకుంది. ఆవిడకది మొదటినుంచీ ఉన్న జబ్బు.

జనవరిలో ఒక పొద్దున మంచుకి బదులు వాన పడింది. పడ్డది పడ్డట్టే గడ్డకట్టి రోడ్డంతా గాజు పరిచినట్టయింది. మా ఇల్లు చర్చి వాలు అడుగున. కిటికీలోంచి అక్క కారు నెమ్మదిగా దిగడం చూశాను. మలుపు దగ్గర ఇంకా నెమ్మది చేసింది. అంతే, వెనక భాగం గిర్రున ముందుకొచ్చేసింది. కారు ఒక చుట్టు తిరిగి, ఎదురుగా వస్తున్న పాల లారీ ముందునుంచి జారి, పక్కనున్న మంచు గుట్టలో కూరుకుంది. లారీవాడు ఆపగలిగాడు. ఆపలేకపోతే ఈ కథ నేను వేరేగా చెప్పేదాన్ని.

చెప్పుల్లోనే పరుగెత్తాను. అక్క స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. ఈలోగా లారీవాడు ఫోన్ చేసినట్టున్నాడు, మా బావ ట్రక్కులో దిగాడు. ఇంజను కూడా ఆపకుండా వచ్చి ముందు బంపరు చూశాడు. తర్వాత దీపాలు చూశాడు. ఆ తర్వాతే పెళ్లాన్ని చూశాడు.

"బ్రేకు తొక్కావా?"

"తొక్కలేదు," అంది అక్క.

"తొక్కే ఉంటావు. నీకు గుర్తులేదంతే."

నాకు ఆయన్ని ఆ గుట్టలోనే పాతిపెట్టాలనిపించింది. "బావా, నీ పావలా ఇటియ్యి," అని లాక్కుని వెనక టైరు గాడిలో పెట్టాను. గాడి ఉంటేగా! దుప్పి మూతే కాదు, మెడ కూడా కనబడింది. లారీవాడు వంగి చూసి, "అమ్మబాబోయ్, దీనికంటే మా అవ్వ చెప్పులు నయం," అన్నాడు.

"గుర్తుంది చూడు," అన్నాడు మా బావ. వేలు పెట్టి మరీ చూపించాడు. "కొండా ఉంది, పువ్వూ ఉంది."

అక్క ఆ వేలినీ ఆ పువ్వునీ కాసేపు చూసింది. కారులోంచి తన సంచీ తీసుకుని, నడిచి వెళ్లి ట్రక్కెక్కింది.

"ఏమే, ఎక్కడికి?"

"పిల్లలకి సూపు పెట్టద్దూ?" అని తలుపేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ట్రక్కు తాళాలు తిరిగి ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. ఆడవాళ్ల పంతమని మా బావ హోటల్లో నవ్వి చెప్పాడట. కానీ చేపల గుడిసెకి నడిచి వెళ్లలేడు కదా. గుట్టలోంచి లాగించుకున్న అక్క కారే దిక్కయింది. మూడో రోజు పొద్దున ఆయన ఆ కారేసుకుని బయల్దేరడం ఊరంతా చూసింది. వాలు సగం కూడా దిగలేదు, తోక ఒక్కసారి ఊగింది. అంతే, కారుని రోడ్డు పక్కన వదిలేసి, కంచె పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"కాఫీ ఉందా?" అని కూలబడ్డాడు. "ఆ కారు ఎవడైనా తోలతాడా? ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే!"

నేను కాఫీ పోసి ముందు పెట్టాను. తను ఎవరి కారు గురించి అంటున్నాడో ఆ మనిషికి నిజంగానే తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే కారుని గ్యారేజీకి లాగించుకుపోయి, ముందున్నవాళ్లని బతిమాలుకుని, వెనకవి రెండూ కొత్తవి వేయించాడు. ఉన్నవాటిల్లో మంచివే ఏరుకున్నాడు, నొక్కి చూసి, వాసన చూసి మరీ. రాత్రి భోజనాలకి నన్నూ పిలిచాడు, తన దయ చూడడానికి సాక్షి కావాలిగా. బఠాణీ సూపు గిన్నె పక్కన కారు తాళాలు పెట్టాడు.

"ఇదిగో, నీ కారు సిద్ధం. నాలుగూ బంగారంలా ఉన్నాయి. ఇక నా తాళాలిటియ్యి."

అక్క చెంచా కింద పెట్టింది. "నేనిన్నేళ్లు తోలాను రోసేర్. నువ్వు ఒక్క పొద్దు తోలావు, మధ్యాహ్నానికల్లా టైర్లొచ్చాయి."

"అదేమిటే! నీకోసమే కదా వేయించింది?"

అక్క నవ్వింది. ఆయన మొహంమీదే నవ్వడం నేనెన్నడూ చూడలేదు. ఆ నవ్వులో కోపం లేదు, ఆయన మీద ఇంక ఏ ఆశా లేదు.

"అవునులే," అంది. "సూపు చల్లారిపోతోంది, తిను."

ట్రక్కు తాళాలు ఆవిడ ఏప్రన్ జేబులోనే ఉన్నాయి. పొద్దున్నే ట్రక్కు బడికి వెళ్లింది. ఇప్పటికీ వెళుతూనే ఉంది.