మా అమ్మమ్మ ఊళ్లో మళ్లీ పీరు లేచిన రోజు

అమ్మమ్మ ఊళ్లో ఈ ఏడు పీరు లేస్తుందని లింగమ్మ అత్త ఫోన్ చేయగానే, ఆఫీసులో సెలవు అడగడం కూడా మరిచి సంచి సర్దుకున్నాను. బెళుగుప్ప దాటాక ఉండే చిన్న ఊరు అది. ఒకప్పుడు గొడవపడ్డ ఊరు కనుక పేరు రాయను. చిన్నప్పుడు నాకు పీర్ల పండుగంటే మలీద. రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేసి సాయిబుల వీధి నుంచి తట్టలతో పంపేవారు. ఇత్తడి హస్తానికి పట్టు గుడ్డలు చుట్టి, పొడుగు కర్రకు కట్టిన పీరును మాత్రం మా ఇంటి మనిషే ఎత్తాలి. పీర్లుండే చావిడి చూసుకునే ముజావరు మా గడపకు వచ్చి, నొసట ఊదు పెట్టి పిలవాలి. తాత తర్వాత ఆ పని నారాయణప్ప మామది. మామ పీరెత్తి వస్తుంటే ఊరంతా మాదేనన్నంత పొగరుగా పక్కన నడిచేదాన్ని.

తర్వాత ఒక ఏడు ఊరేగింపులో మైకు సెట్టు దగ్గర మాటా మాటా పెరిగి, రెండు వీధులవాళ్లూ రాళ్లు రువ్వుకున్నారు. ముజావరు కొడుకు ఖాదర్ వేసిన రాయికి మామ కుడి చేయి విరిగింది. మా వీధివాళ్లు సాయిబుల కొట్టు ఒకటి తగలబెట్టారు. ఆనాటి నుంచి పీరు పెట్టెలోనే ఉంది. పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయాయి.

అనంతపురంలో పొద్దున్నే కళ్యాణదుర్గం బస్సెక్కితే గంటన్నర పట్టింది. అక్కడ ఉగ్గాని, బజ్జీ తినకుండా కదిలితే నా లెక్కలో అది ప్రయాణమే కాదు. తిని, బెళుగుప్ప బస్సు పట్టుకుని, దిగాక నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. వాన కోసం దున్ని పెట్టిన ఎర్ర చేలు, వాటి మీద తీరిగ్గా తిరిగే గాలిమరలు. ఆటో అతను అద్దంలో చూస్తూ అడిగాడు.

"పీర్లకా అక్కా? నారాయణప్ప ఎత్తితేనే బయటికి వస్తాదంట. ఆయప్ప చెయ్యేమో లేయదు. ఏమవుతాదో సూడల్ల."

నాకు గుబులు పట్టుకుంది. ఇంటికి చేరేసరికి మామ తిన్నె మీద కూర్చుని ఎడమ చేత్తో కుడి మోచేయి రుద్దుకుంటున్నాడు.

"ఈ పొద్దు లేయకపోతే మళ్లా పెట్టెలోకే పోతాది పాపా. ఇంగ మేము బతికుండంగా బయటికి రాదు" అన్నాడు.

"ఎత్తు, నేనేం వద్దనలేదే. ఆ ఖాదరు మొగం మాత్రం నాకు సూపియ్యొద్దు" అని లోపలినుంచి అత్త.

మధ్యాహ్నం ఎండ వాలాక తప్పెట్లు మా వీధిలోకి వచ్చాయి. ముందు ముసలి ముజావరు మస్తాన్ సాబ్. వెనక, చెంపలు నెరిసిన ఖాదర్. మస్తాన్ సాబ్ మామ నొసట ఊదు పెట్టాడు.

"మస్తానూ, ఒక్క చెయ్యే పనిచేస్తాది. బరువు ఆగదప్పా" అన్నాడు మామ.

"తెల్సు. అందుకే ఇరగ్గొట్టినోన్నే తెచ్చినా. నీ కుడిపక్క వీడు పట్టుకుంటాడు. కట్టుబాటు తప్పుతాది, తప్పనీ."

ఖాదర్ తల ఎత్తలేదు. "మామా, నీకు తగలల్లని యెయ్యలేదు. ఎవరికో ఒకరికి తగలల్లనే యేసినా."

అంత ఉన్నదున్నట్టు చెప్తాడని ఎవరూ అనుకోలేదు. మామ అత్త వైపు చూశాడు. పీరెత్తేవాడి కాళ్ల మీద ఇంటి ఆడమనిషి నీళ్లు పోస్తేనే అతను చావిడికి కదలాలి. అత్త బిందె తెచ్చి మామ కాళ్ల మీద పోసింది. సగం బిందెతో ఖాదర్ ముందు నిలబడింది. తప్పెట్లు ఆగిపోయాయి.

"చెప్పులిడ్సల్లని తెలీదా?" అని గద్దించింది.

ఖాదర్ గబగబా చెప్పులు విడిచాడు. మిగిలిన నీళ్లన్నీ అతని పాదాల మీద పోసి, "గట్టిగా పట్టుకో. ఆయప్పకు బీపీ ఉండాది" అంది. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి చావిడిలోంచి పీరు మామ ఎడమ చేతిలో, ఖాదర్ కుడి చేతిలో కాస్త వంకరగా లేచింది.

నేను వెతుక్కుంటూ వెళ్లిన చిన్నప్పటి పండుగ నాకు దొరకలేదు. ఊరు సగం బెంగళూరుకు పోయింది, మలీద తట్టలు రాలేదు. అప్పుడు మామ ఒక్కడే ఎత్తేవాడు, ఇప్పుడు ఇద్దరు కావాల్సి వచ్చింది. అయినా నాకు ఈ పండుగే ఎక్కువ నచ్చింది. ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉంది. ఖాదర్ మా గడపకు వచ్చాడు. కాలిన కొట్టు గడపకు మా వీధి నుంచి అప్పటిదాకా ఒక్కరూ పోలేదు. మర్నాడు పొద్దున మామా నేనూ పోయాం. కొట్టాయన మమ్మల్ని చూసి లోపలికి రమ్మనలేదు. మేము బయటే నిలబడ్డాం.

ఇలాంటి పల్లెల్లో పీర్ల పండుగకు వెళ్లేవారికి ఒక్క మాట: ఏ వీధిలో భోజనానికి పిలిచినా సగం కడుపే తినండి. రెండో వీధిలో కూడా పిలుస్తారు, అక్కడ తినకుండా బస్సెక్కితే రెండు వీధులకూ తెలిసిపోతుంది.